ప్రైమర్ల పెట్టె కనపడగానే నాలుగు కొనేయకండి

సంపాదకులకు నమస్కారం.

నేను టెక్సస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన ఉంటాను. సొంతూరు సత్తెనపల్లి దగ్గర. పొద్దున కాఫీతో పాటు మీ ఎన్నారై పేజీ చదవడం ఇరవై ఏళ్ల అలవాటు, కానీ ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. పోయిన నెల మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో చూశాక రాయకుండా ఉండలేకపోయాను. ఎవరో తన గ్యారేజీలో అరల నిండా, తూటాలు ఇంట్లో నింపుకోవడానికి వాడే ప్రైమర్ల పెట్టెలు పేర్చుకుని, "ఇంకో పదేళ్లు ఢోకా లేదు" అని పెట్టారు. కింద లైకులే లైకులు. "ఎక్కడ దొరికాయి అన్నా, నాకూ చెప్పు" అని అడిగినవాళ్లు చాలామంది. అదే రోజు సాయంత్రం మా అమ్మాయి హైస్కూల్ ట్రాప్ టీమ్ (గాల్లోకి విసిరే మట్టి బిళ్లల్ని షాట్‌గన్‌తో కొట్టే ఆట) కోచ్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: షెల్స్, అంటే షాట్‌గన్ తూటాలు, చాలడం లేదు, ఈ నెలంతా ప్రాక్టీసు సగానికి తగ్గిస్తున్నాం అని.

ముందే ఒక మాట చెప్పాలి. అమెరికా, తుపాకి అన్న రెండు మాటలు కలిపి వింటే ఆంధ్రలో, తెలంగాణలో తల్లిదండ్రులకు గుండె జారుతుంది. పెట్రోల్ బంకుల్లో, చిన్న దుకాణాల్లో రాత్రి షిఫ్టు చేస్తూ కాల్పుల్లో పోయిన మన పిల్లల శవపేటికలు శంషాబాద్‌లో దిగడం అందరం చూశాం. అలాంటి ఇంటి ముందు నిలబడి తూటాల ధరలు పెరిగాయని చెప్పే ధైర్యం నాకు లేదు. తుపాకుల చట్టాలు ఎలా ఉండాలన్నది వేరే ఉత్తరం. నేను చెప్పేది మట్టి బిళ్లలను, కాగితం గుండ్రాలను కొట్టేవాళ్ల గురించి, వాళ్లలో ఈమధ్య బాగా పెరిగిన మన తెలుగువాళ్ల గురించి.

రీలోడింగ్ తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. తుపాకి పేలాక బయటపడేది ఖాళీ ఇత్తడి గొట్టం. అది పాడైపోదు. శుభ్రం చేసి, అచ్చులో నొక్కి సరిచేసి, అడుగున కొత్త ప్రైమర్ బిగించి, కొలిచిన తుపాకి మందు పోసి, పైన గుండు కూర్చితే మళ్లీ తూటా తయారు. గొట్టాన్ని చాలాసార్లు వాడుకోవచ్చు, మిగతా మూడూ ప్రతిసారీ కొత్తవి కావాలి. షాట్‌గన్ షెల్ కూడా అంతే, ఇత్తడి బదులు ప్లాస్టిక్ గొట్టం, గుండు బదులు సీసం గుళ్లు. ఈ మొత్తంలో అన్నిటికన్నా చిన్నది ప్రైమర్. మినపగింజంత లోహపు గిన్నె, లోపల చిటికెడుకన్నా తక్కువ మిశ్రమం. తుపాకి సూది దాన్ని పొడిస్తే రవ్వ పుట్టి మందు అంటుకుంటుంది. ఇంట్లో చేసుకునే వస్తువు కాదది, ఫ్యాక్టరీలో చెయ్యాల్సిందే. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా లేనట్టే.

నాకీ పని నేర్పింది మా పక్కింటి పెద్దాయన, వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి. మొదటి రోజు నన్ను తుపాకి ముట్టుకోనివ్వలేదు. బల్ల మీద పాతకాలం త్రాసు పెట్టి, దాని ముల్లు నిలకడగా నిలిచేదాకా ఊపిరి కూడా గట్టిగా వదలొద్దన్నాడు. మందును గ్రెయిన్లలో తూస్తారు, పౌనుకు 7,000 గ్రెయిన్లు. మా సత్తెనపల్లిలో కంసాలి కొట్లో గురివింద గింజ వేసి బంగారం తూచడం చిన్నప్పుడు చూశాను కదా, ఒక గ్రెయిను ఆ గింజలో దాదాపు సగం బరువు. అందులో పదో వంతు తేడాని కూడా ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఆ త్రాసు ముందు కూర్చున్న రెండు గంటలూ ఆఫీసు టెన్షన్ ఏదీ గుర్తుకు రాదు. నన్ను ఈ పనిలోకి లాగింది అదే. డబ్బు ఆదా అన్నది తర్వాత తెలిసింది.

అప్పట్లో ఆదా కూడా నిజంగానే ఉండేది. 2019లో నేను వెయ్యి ప్రైమర్లు 32 డాలర్లకు కొన్నాను, రసీదు ఇంకా ఆ డబ్బాలోనే ఉంది. అంటే ఒక్కోటి మూడు సెంట్ల పైచిలుకు. 2021లో అదే వెయ్యి ప్రైమర్లు ఇంటర్నెట్‌లో సొంతంగా అమ్ముకునేవాళ్లు 150 డాలర్లకు, కొందరైతే 200కి కూడా పెట్టారు. ఆ మంట తర్వాత చల్లారింది గానీ పాత ధర తిరిగి రాలేదు. ఈమధ్య నేను చూసినంతలో 70, 80 డాలర్ల దగ్గర తిరుగుతోంది, అదీ సరుకు ఉన్న రోజున. రైఫిల్ మందు పౌను 28 డాలర్లకు కొన్నది ఇప్పుడు 50 దాటింది. 25 షెల్స్ ఉండే ట్రాప్ పెట్టె ఆరు డాలర్లలోపు ఉండేది, ఇప్పుడు పది. ఇవి కాక, ప్రైమర్లూ మందూ కొరియర్‌లో తెప్పించుకుంటే ప్రమాదకర సరుకు రుసుం వేరే కట్టాలి. ఒక్క డబ్బా తెప్పించుకున్నా ఆ రుసుం పూర్తిగా పడుతుంది. చిన్న కొనుగోలుదారు ముందు అక్కడే ఓడిపోతాడు.

ఎందుకిలా అని అడిగితే మా క్లబ్బులో ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. ప్రభుత్వం కావాలని తొక్కిపెడుతోందనేవాళ్లున్నారు, కంపెనీలు గోదాముల్లో దాచేస్తున్నాయనేవాళ్లున్నారు. దీని మీద కొన్నేళ్లుగా దొరికిందల్లా చదువుతూ, షాపులవాళ్లని అడుగుతూ వచ్చాను. నాకు అర్థమైనది ఇది.

అమెరికాలో ఇలా రీలోడింగ్ చేసుకునేవాళ్లకు అందే ప్రైమర్లను పెద్ద ఎత్తున తయారుచేసే పేర్లు నాలుగే: ఐడహోలో లూయిస్టన్‌లో సీసీఐ, మిన్నెసోటాలో అనోకాలో ఫెడరల్, ఆర్కన్సాలో లోనోక్‌లో రెమింగ్టన్, ఇంకోటి వించెస్టర్. వీటిలో మొదటి మూడూ కొన్నేళ్లు ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి, 2024 చివర్లో వాటిని చెక్ దేశానికి చెందిన ఆయుధాల కంపెనీ సీఎస్‌జీ కొనుక్కుంది. ఇంత పెద్ద దేశానికి నాలుగు పేర్లు, రెండు యాజమాన్యాలు. పైగా వీళ్లు ప్రైమర్లు చేసేది ముందు తమ తూటాల కోసం. మిలిటరీ, పోలీసు ఆర్డర్లు, షాపుల్లో అమ్మే తయారు తూటాలు, అవన్నీ అయ్యాక మిగిలినవే మనలాంటివాళ్ల కోసం వెయ్యేసి పెట్టెల్లో బయటికొస్తాయి. గిరాకీ కొంచెం పెరిగినా ముందు ఎండేది ఆ చివరి కాలవే. నాగార్జునసాగర్ కాలవ చివరి భూములున్న రైతుకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

2020లో గిరాకీ కొంచెం కాదు, వరదలా వచ్చింది. కోవిడ్, ఆ వేసవిలో వీధుల్లో గొడవలు, తర్వాత ఎన్నికలు. ఆ ఒక్క ఏడాదిలో తుపాకి కొనుగోళ్లకు, పర్మిట్లకు కలిపి ఎఫ్‌బీఐ వ్యవస్థలో జరిగిన తనిఖీలు 3.97 కోట్లు. జీవితంలో మొదటిసారి తుపాకి కొన్నవాళ్లు 84 లక్షల మంది అని తుపాకి పరిశ్రమ సంఘం అంచనా వేసింది. ఒక్కొక్కరు రెండేసి పెట్టెల తూటాలు కొన్నా ఎన్నో లెక్కేసుకోండి. అదే ఏడాది జూలైలో రెమింగ్టన్ దివాలా తీసింది, ఆ తూటాల ఫ్యాక్టరీ చేతులు మారి మళ్లీ పుంజుకునేదాకా టైం పట్టింది. 2021 సెప్టెంబరులో రష్యా తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఇవ్వడం అమెరికా ఆపేసింది. చవగ్గా దొరికే ఉక్కు గొట్టం తూటాలు మెల్లగా మాయమై, అవి కాల్చేవాళ్లంతా ఇత్తడి తూటాల వైపు వచ్చిపడ్డారు.

తర్వాత ఉక్రెయిన్. ఇక్కడ సంగతి మా గుంటూరు దాకా వస్తుంది కాబట్టి కొంచెం ఆగుతాను.

పొగ రాని తుపాకి మందుకు మూలపదార్థం నైట్రోసెల్యులోజ్. అది పత్తి నుంచి వస్తుంది. జిన్నింగ్ మిల్లులో దూది తీశాక గింజని పట్టుకుని ఇంకా పొట్టి నూగు మిగులుతుంది చూడండి, ఆయిల్ మిల్లుకి పోయే ముందు గింజ మీద నుంచి దాన్ని గీకి తీస్తారు. దాన్నే లింటర్ అంటారు. మా నాన్న పత్తి వేసినన్నాళ్లూ ఆ నూగు పరుపుల్లోకి పోతుందనే అనుకున్నాం. అదే నూగును ఆమ్లాలతో చర్య జరిపిస్తే తుపాకి మందుకు మూలమవుతుందని, నీలగిరుల్లో అరువంకాడులో ఆంగ్లేయుల కాలం నుంచీ ఒక కార్డైట్ ఫ్యాక్టరీ ఉందని నాకు అమెరికా వచ్చాకే తెలిసింది. చెక్క గుజ్జుతో కూడా చేస్తారు గానీ లింటర్‌కి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది, యూరప్ తనకు కావాల్సిన లింటర్‌లో ఎక్కువ భాగం చైనా నుంచి తెచ్చుకుంటుంది.

యుద్ధంలో రోజూ వేల ఫిరంగి గుండ్లు పేలుతున్నాయి. యుద్ధానికి ముందు అమెరికా నెలకు 14,000 ఫిరంగి గుండ్లు, ఆ 155 మిల్లీమీటర్లవి, తయారుచేసేది. దాన్ని లక్షకు పెంచాలని పెట్టుకున్నారు. నాకు ఒక పౌను మందు దొరికితే వెయ్యికి పైగా పిస్టల్ తూటాలు నింపుకుంటాను. ఫిరంగి దూరాన్ని బట్టి ఒక్క పేలుడుకే కిలోల కొద్దీ మందు తాగుతుంది. ఇక నైట్రోసెల్యులోజ్ ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. 2024 జనవరి నుంచి ధరలు పెంచుతున్నామని, ప్రపంచమంతా మందుకి విపరీతమైన గిరాకీ ఉందని, అప్పట్లో సీసీఐ, ఫెడరల్, రెమింగ్టన్ తూటాల యజమాని అయిన విస్టా అవుట్‌డోర్ అంతకు ముందే డీలర్లకు ఉత్తరాలు రాసింది. అదే 2024లో మందు అమ్మే అలయంట్ వాళ్లు రీలోడింగ్ మందు డబ్బాల సరఫరానే కొంతకాలం ఆపేశారు. అలయంట్ మందుల్లో చాలా రకాలు వర్జీనియాలో రాడ్‌ఫర్డ్ ఆర్మీ ప్లాంట్‌లో తయారవుతాయి, పేరులోనే ఉంది అక్కడ ఎవరి అవసరం ముందో. నేను ఎక్కువగా వాడే వార్గెట్ మందు అమెరికాది కూడా కాదు, ఆస్ట్రేలియాలో మర్రీ నది ఒడ్డున ముల్వాలా అనే చిన్న ఊళ్లో చేస్తారు. హాడ్జ్‌డన్ కంపెనీ దాన్ని తెప్పించి డబ్బాల్లో నింపి అమ్ముతుంది. ఓడ ఆలస్యమైతే టెక్సస్‌లో అర ఖాళీ.

ఆంటిమొని సంగతి క్లుప్తంగా. సీసం గుళ్లను గట్టిపరచడానికి, ప్రైమర్ మిశ్రమంలోకి ఈ లోహం కావాలి. ఎక్కువగా తీసేది చైనా. 2024 సెప్టెంబరు నుంచి చైనా దాని ఎగుమతికి లైసెన్సు పెట్టింది, డిసెంబరులో అమెరికాకు పూర్తిగా ఆపేసింది. 2025 నవంబరులో ఆ నిషేధాన్ని కొంతకాలానికి పక్కన పెట్టారు గానీ, ధర ఎక్కినంత వేగంగా ఏ సరుకు ధరా దిగదు. ఈలోగా బోస్నియా నుంచి, ఇటలీ నుంచి, ఫ్రాన్సు నుంచి వచ్చే ప్రైమర్లు కొంత ఆదుకుంటున్నాయి, వాటి మీద మళ్లీ దిగుమతి సుంకాలు.

ఇవేవీ నా చేతిలో లేవు, మీ చేతిలో లేవు. ఉక్రెయిన్ యుద్ధాన్ని డల్లాస్ క్లబ్బు ఆపలేదు. కానీ ఈ ధరలో ఇంకో భాగం ఉంది, అది పూర్తిగా మన చేతుల్లోది.

ఈ దేశంలో తూటాల కొరత ఇది మొదటిసారి కాదు. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో పసిపిల్లల మీద కాల్పుల దారుణం జరిగాక కొత్త తుపాకి చట్టాలొస్తాయన్న భయంతో జనం షాపులు ఊడ్చేశారు. పిల్లలు నేర్చుకునే .22 తూటాలు కూడా ఏడాదికి పైగా దొరకలేదు. 2016 ఎన్నికల్లో ట్రంప్ గెలిచాక కొత్త చట్టాల భయం పోయింది, కొనడం ఆగింది. ఇళ్లలో అరలు నిండి ఉన్నాయి మరి, ఎవరు కొంటారు? ధరలు పడిపోయాయి, కంపెనీలు పనివాళ్లను తగ్గించుకున్నాయి, రెమింగ్టన్ 2018లోనే ఒకసారి దివాలా కోర్టుకెళ్లింది. అలా చిక్కిపోయి ఉన్న పరిశ్రమ మీద 2020 వచ్చి పడింది.

గుంటూరు మిర్చి యార్డు చూసినవాళ్లకి ఇది బాగా తెలిసిన కథ. ఒక ఏడాది క్వింటాలు ధర ఎగిరితే పై ఏడు ఊరంతా మిర్చే వేస్తుంది, పంటొచ్చాక రోడ్డు పక్కన పోసి అమ్ముకుంటుంది. ప్రైమర్ల ఫ్యాక్టరీ యజమాని కూడా ఆ లెక్కే వేస్తాడు. కోట్ల డాలర్లు పెట్టి కొత్త లైను కట్టడానికి రెండు మూడేళ్లు పడితే, అది నడవడం మొదలయ్యేసరికి జనం గ్యారేజీలు నిండిపోయి కొనడం ఆపేస్తే ఎలా? అందుకే కట్టడు. ఉన్న మెషిన్లనే మూడు షిఫ్టులు తిప్పుతాడు, మనం వరుసలో నిలబడతాం. ఆ ఫొటోలో పదేళ్ల సరుకు దాచుకున్నాయన వచ్చే కొరతని ఇప్పుడే తయారుచేస్తున్నాడు, తనకు తెలియకుండా.

నేనూ అదే చేశాను, ఒప్పుకుంటున్నాను. 2021 మార్చిలో ఒక శనివారం తెల్లారుజామున నాలుగింటికి షాపు ముందు వరుసలో నిలబడ్డాను. చలి, చేతిలో థర్మాస్, ముందు పాతికమంది. తలుపు తెరిచాక నాకు కావాల్సిన స్మాల్ పిస్టల్ రకం ప్రైమర్లు లేవు, స్మాల్ రైఫిల్ రకం ఉన్నాయి. నేను స్మాల్ రైఫిల్ వాడేది బహు తక్కువ. అయినా పట్టుకొచ్చాను. తర్వాత అదే భయంలో ఇంటర్నెట్‌లో ఇంకో నాలుగు వేలు, వెయ్యికి 140 డాలర్ల చొప్పున, ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర కొన్నాను. అవసరమై కాదు, ఇంకెప్పుడూ దొరకవేమోనని. నా వెనక వరుసలో ఉన్న కుర్రాడు, కాలేజీ టీమ్ టీషర్టు వేసుకున్నాడు, ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు. అతనికి కావాల్సినవి స్మాల్ రైఫిలే. అతను క్యాషియర్‌ని అడుగుతుంటే విన్నాను, విని కూడా నా సంచి పట్టుకుని బయటికొచ్చాను.

కొరత వల్ల పోయేది డబ్బొక్కటే అయితే నేనింత రాయను. మా క్లబ్బులో రెండేళ్ల కిందట జరిగింది చెప్తాను. ఒకాయన, అనుభవమున్నవాడే, తను వాడే రైఫిల్ మందు దొరక్క ఆరు వారాలు చూశాడు. చివరికి మూలన ఉన్న డబ్బాలో ఇంకో మందు, "దాదాపు అలాంటిదే" అని ఎవరో చెప్పినది, పాత కొలతతోనే పోసుకొచ్చాడు. మందు చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి, నల్లగా నువ్వుల్లాగానో ఆవాల్లాగానో. కానీ కాలే వేగం వేరు. వేగంగా కాలేది నెమ్మదిగా కాలేదాని కొలతలో పోస్తే ఒత్తిడి ఎక్కడికి పోతుందో చెప్పలేం. నేను రెండు బల్లల అవతల ఉన్నాను. చప్పుడే తేడాగా వచ్చింది, గట్టిగా, పొడిగా. ఆయన కదలకుండా ఉండిపోయాడు. రైఫిల్‌ని వెనక మూసే బోల్టు రాలేదు, రబ్బరు సుత్తితో కొట్టి కొట్టి తెరిచాం. గొట్టం అడుగు ఉబ్బి, ప్రైమర్ ఊడిపోయి ఉంది. కళ్లద్దాల మీద మూడు చోట్ల గీతలు. ఆ అద్దాలు లేకపోతే ఆ గీతలు ఎక్కడుండేవో చూసినవాళ్లందరికీ తెలుసు. ఆయన చేతులు వణుకు తగ్గడానికి గంట పట్టింది.

దయచేసి వినండి. ఒక మందు బదులు ఇంకోటి వాడాలంటే ఆ మందు కంపెనీ అచ్చు వేసిన కొలతల పుస్తకంలో మీ గుండు బరువుకి, మీ గొట్టానికి ఉన్న అంకె చూడాలి, అందులో తక్కువ కొలతతో మొదలుపెట్టాలి. వాట్సాప్‌లో అన్న చెప్పాడని, వీడియోలో చూశానని కాదు. పుస్తకంలో లేకపోతే ఆ తూటా నింపకండి. పేరు లేని డబ్బాలో మందు ఎంత చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.

దాచుకునేవాళ్లకి ఇంకొకటి. ఇళ్లలో ప్రైమర్లు 10,000 మించి ఉంచకూడదని, పొగ రాని మందు 20 పౌన్లు మించితే అంగుళం మందం చెక్క పెట్టెలో పెట్టాలని, అది కూడా 50 పౌన్లు దాటకూడదని ఇక్కడి అగ్నిప్రమాద ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 చెప్తుంది. ఊళ్లను బట్టి నిబంధనలు ఇంకా గట్టిగా ఉండొచ్చు. ఆ ఫొటోలో అరల మీద నేను లెక్కపెట్టినవే ముప్పై వేలు దాటాయి. పక్కనే వాటర్ హీటర్, దాని పక్కన పిల్లల సైకిళ్లు. గ్యారేజీ పైన సాధారణంగా ఏముంటుంది? పడకగది. అగ్గి అంటుకుంటే ఫైరింజను మీద వచ్చేవాళ్లకి లోపల ఏముందో తెలియదు. ఆ ఫొటో పెట్టినాయనకి ఈ సంగతి విడిగా ఫోన్ చేసి చెప్పాను. కోపం తెచ్చుకోలేదు, ఆలోచిస్తానన్నాడు.

మళ్లీ పిల్లల దగ్గరికి వస్తాను, ఎందుకంటే నాకు అసలు బాధ అక్కడే. మా అమ్మాయి లీగులో వారానికి 50 బిళ్లలు కొట్టాలి, రెండు పెట్టెలు. అవి స్కోరుకి మాత్రమే. చెయ్యి కుదరాలంటే ప్రాక్టీసులో అంతకు రెండింతలు కాల్చాలి. మా ఇంట్లో ఎలాగో సర్దుకుంటాం, నేను నింపుతాను, తను పక్కన కూర్చుని నింపిన షెల్ మూత సరిగ్గా ముడుచుకుందో లేదో ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసి పెట్టెలో పెడుతుంది, ఒక్కటి వంకరగా ఉన్నా తీసి పక్కన పెడుతుంది. కానీ ఆ టీమ్‌లో ఒంటరి తల్లి పెంచుతున్న పిల్లాడున్నాడు. గురి బాగా ఉన్నవాడు. పోయిన సీజన్ మధ్యలో మానేశాడు. కారణం ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. ఇంకో అమ్మాయి పెద్ద పోటీ ముందు వారం కూడా వట్టి తుపాకిని భుజానికెత్తుకోవడం మాత్రమే ప్రాక్టీసు చేసింది.

హైదరాబాద్‌లో షూటింగ్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు ఇది చదివితే, ఈ బాధ మీకు మాకన్నా ముందే తెలుసు. లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చిన ఈషా సింగ్, అవే క్రీడల్లో ట్రాప్ జట్టు స్వర్ణంలో, వ్యక్తిగత కాంస్యంలో నిలిచిన కైనన్ చెనాయ్, ముగ్గురూ మన హైదరాబాద్‌వాళ్లే. పోటీ స్థాయి తూటాలు అక్కడికి ఎక్కువగా విదేశాల నుంచే రావాలి. ఇక్కడ ఒక గ్యారేజీలో మురిగిపోతున్న పెట్టె, అక్కడ ఒక పిల్ల కాల్చలేకపోయిన రౌండు, ఈ రెండిటి మధ్య దూరం మనం అనుకునేంత లేదు. యూరప్ ఫ్యాక్టరీలు అమెరికా గిరాకీకి పరిగెత్తితే చిన్న ఆర్డర్లే వెనక పడతాయి.

అందుకని నా విన్నపం మన తెలుగు గ్రూపులవాళ్లకి. ఏడాదికి మీరు నిజంగా ఎన్ని కాలుస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. చాలామందికి ఆ అంకె రెండు వేలు దాటదు. అంతవరకు ఉంచుకోండి, మరీ టెన్షన్‌గా ఉంటే ఇంకో ఆరు నెలలకి ఉంచుకోండి. షాపువాడు మనిషికి ఒక్క పెట్టె అని బోర్డు పెడితే భార్యని, బావమరిదిని తీసుకెళ్లి మూడు పెట్టెలు తేకండి. మూడింతల ధరకి అమ్మేవాడి దగ్గర కొనకండి. వాడు మళ్లీ తెల్లారుజామున వచ్చి వరుసలో మనకన్నా ముందు నిలబడేది మీరిచ్చిన డబ్బుతోనే. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేటప్పుడు నలుగురు కలిసి ఒకే ఆర్డరు పెట్టి రుసుం పంచుకోండి, మా క్లబ్బులో ఇప్పుడు అలాగే చేస్తున్నాం, మనిషికి ఎనిమిది పది డాలర్లతో పోతోంది. స్కూల్ టీమ్ ఉన్న ఊళ్లో ఉంటే కోచ్‌ని అడగండి ఏం తక్కువైందో. ట్రాప్ ఆడేవాళ్లు వదిలేసిన ఖాళీ షెల్స్ ఏరి సంచిలో వేసిచ్చినా నింపుకునేవాళ్లకి పని తగ్గుతుంది.

నా అర సంగతి కూడా చెప్పాలి కదా. పోయిన ఆదివారం అంతా కిందికి దించి లెక్కపెట్టాను. ఆ 2021 నాటి స్మాల్ రైఫిల్ ప్రైమర్లు ఇంకా నాలుగు వేల ఎనిమిది వందలు, సీలు కూడా తియ్యనివి. చాలావరకు వెయ్యికి 140 పెట్టి కొన్నవి, నా 2019 రసీదు మీద ఉన్న 32 డాలర్లకే ఇస్తానని, మనిషికి ఒక వెయ్యి మాత్రమేనని, పోటీల్లో పాల్గొనే కుర్రాళ్లకి ముందని క్లబ్బు బోర్డు మీద చీటీ అంటించాను. ఇద్దరు వచ్చి తీసుకెళ్లారు. ఆ టీషర్టు కుర్రాడు ఎవరో, ఏ కాలేజీయో కనుక్కోలేకపోయాను. ఇంకా రెండు వేల ఎనిమిది వందలు ఉన్నాయి.

ఇట్లు,
మీ పాఠకుడు,
డల్లాస్ ఉత్తర శివార్ల నుంచి, టెక్సస్